మసికీ తేదీ ఉంటుంది

వేలకు వేలు పోసి కొన్న రైలింజను నమూనాను పెట్టెలోంచి తీసి, నిగనిగలాడే దాని ఒంటికి పనిగట్టుకుని మసి పూయడం, తుప్పు మరకలు దిద్దడం, అద్దాలమీద దుమ్ము చల్లడం చూసేవాళ్లకు పిచ్చిపనిలా కనిపిస్తుంది. బ్రిటన్‌లో మాత్రం ఎంతోమంది ఏళ్ల తరబడి శ్రద్ధగా చేస్తున్న పని ఇది. దానికంటూ ప్రత్యేకమైన రంగులు, పొడులు, పనిముట్లు ఉన్నాయి. ఎడతెగని వాదోపవాదాలూ ఉన్నాయి. వాళ్లు దీన్ని ‘వెదరింగ్’ అంటారు. దానికి జోడుగా నడిచేది ‘డీటెయిలింగ్’, అంటే కంపెనీ వదిలేసిన గొట్టాలు, చువ్వలు, జాలీలు చేర్చి, మొరటుగా వచ్చినవాటిని మార్చడం. ఈ రెంటినీ అలంకారం పద్దులో వేసేవాళ్లే ఎక్కువ. నాకు ఆ పద్దు సరైనదిగా తోచదు. ఫలానా నంబరు ఇంజను, ఫలానా సంవత్సరం ఫలానా నెలలో ఇలా ఉండేది అని చెప్పే ప్రతిపాదనగా ఆ నమూనాను చూడాలంటాను. ప్రతిపాదన అన్నాక అది తప్పయ్యే అవకాశం ఉండాలి, తప్పని తేల్చే సాక్ష్యమూ ఉండాలి. అందంగా ఉందా లేదా అన్నది చూసేవాడి ఇష్టం. నిజమా కాదా అన్నదానికి మాత్రం అసలు ఇంజనే సాక్షి.

ముందు నంబరు సంగతి చూద్దాం. బ్రిటిష్ రైల్వేస్ 1955లో ఆధునికీకరణ ప్రణాళిక ప్రకటించాక, ఆవిరి ఇంజన్ల స్థానంలోకి డీజిళ్లు పెద్ద ఎత్తున వచ్చాయి. వాటిలో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960–65 మధ్య తయారుచేసిన 1750 హార్స్‌పవర్ ఇంజన్లు 309. తర్వాతి వర్గీకరణలో వీటికి క్లాస్ 37 అని పేరొచ్చింది. చూడ్డానికి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి గాని, తేడా ముక్కు దగ్గర ఉంది. డి6700 నుంచి డి6818 దాకా రైలు గుర్తును చూపే హెడ్‌కోడ్ పెట్టెలు ముక్కుకు చెరో పక్కన విడివిడిగా ఉంటాయి. మధ్యలో సిబ్బంది ఒక ఇంజన్లోంచి ఇంకోదాన్లోకి దాటే తలుపు. డి6819 నుంచి ఆ తలుపు పోయి మధ్యలో ఒకే పెట్టె వచ్చింది. 1970ల మొదట్లో ‘టాప్స్’ అనే కంప్యూటర్ పద్ధతి కోసం నంబర్లన్నీ మార్చారు. డి6701 కాస్తా 37001 అయింది, డి6702 కాస్తా 37002 అయింది. చిక్కు డి6700 దగ్గర వచ్చింది, ఎందుకంటే మూడు సున్నాలతో ముగిసే నంబరు ఆ పద్ధతికి పనికిరాదు. అందుకని దానికి 37119 ఇచ్చారు. లెక్కప్రకారం ఆ నంబరు దక్కాల్సిన డి6819ని 37283కి పంపారు. మరి 37283 ఎందుకు ఖాళీగా ఉంది? దానికి హక్కుదారైన డి6983, వేల్స్‌లోని బ్రిడ్జెండ్ దగ్గర 1965 డిసెంబరులో కొండచరియ విరిగిపడి జరిగిన ప్రమాదంలో దెబ్బతిని, కొత్త నంబర్ల కాలం దాకా బతకలేదు గనక. దీని ఫలితం నమూనా చేసేవాడి బల్లమీద తేలుతుంది. 37118, 37120ల మధ్యనుండే 37119 ముక్కు ఎలా ఉండాలో వరసను బట్టి ఊహించి మధ్యపెట్టె బిగించినవాడు, ఎంత నాణ్యంగా రంగు వేసినా, ఎన్నడూ లేని ఇంజన్ని చేశాడన్నమాట. ఆ నంబరు మోసింది తరగతిలోకెల్లా మొదటి ఇంజను; దానివి విడిపెట్టెలు.

తేదీని పట్టించేవి ఇంకా ఉన్నాయి. 1968లో ఆవిరి పోయాక నంబరు ముందు ‘డి’ అక్షరంతో పని లేకపోయింది. 1960ల తొలిభాగంలో ముక్కుమీద చిన్న పసుపు పలక ఉంటే, ఆ దశాబ్దం చివరికి ముక్కంతా పసుపయింది. 1965 నుంచి ఆకుపచ్చ స్థానంలోకి రైల్ బ్లూ రాసాగింది. 1976 జనవరి నుంచి నాలుగక్షరాల రైలు గుర్తులు చూపడం మానేశారు. కొన్నాళ్లు అక్కడ నాలుగు సున్నాలు కనిపించాయి, తర్వాత నల్లటి పలకమీద రెండు తెల్లచుక్కలు మిగిలాయి. ముందు బఫర్ల మధ్య వేలాడే గొట్టాలు కూడా అబద్ధమాడవు. వాక్యూమ్ బ్రేకు ఒక్కటే ఉన్న రోజుల్లో ఉండే గొట్టాలు వేరు. గాలి బ్రేకు వచ్చాక ఎర్ర కుళాయితో బ్రేకు గొట్టం, పసుపు కుళాయితో మెయిన్ రిజర్వాయరు గొట్టం తోడయ్యాయి. అయితే ఇవన్నీ సగటు సూత్రాలు, ఒక్కో ఇంజనుకు దాని సొంత చరిత్ర ఉంటుంది. 1978లో ఇంజన్లన్నీ నీలమే అనుకునేవాణ్ని క్లాస్ 40కి చెందిన 40106 ఒక్కటే ఓడించగలదు. అది నీలం ఎరగకుండా ఆకుపచ్చలోనే ఆ కాలం గడిపింది. అందుకే తరగతిని నమ్మకూడదు, నంబరును వెతకాలి.

ఇంతవరకు చెప్పింది లోహం గురించి. లోహానికి చరిత్ర ఉందంటే ఎవరూ కాదనరు. పేచీ మురికి దగ్గర వస్తుంది. మురికి ఎక్కడపడితే అక్కడ పడుతుంది, దానికి లెక్కేమిటి, చేతికొచ్చినట్టు పూస్తే సరిపోదా అంటారు. ఒక్కో వానచుక్క ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. చూరు కింద నేలమీద మాత్రం గుంటలు వరసగానే పడతాయి. ఇంజను మురికిదీ ఇదే తీరు. ఆ కాలపు బ్రేకుల్లో పోత ఇనుము దిమ్మలు ఉక్కు చక్రాన్ని ఒరుసుకునేవి. ఆ రాపిడికి ఇనుము సన్నటి పొడిగా రాలి, వేడికీ బ్రిటన్ తేమకీ ఆక్సీకరణం చెంది గోధుమరంగుకు తిరుగుతుంది. బోగీలు, ఇంధనపు ట్యాంకు, పట్టాల పక్క కంకర అన్నీ ఒకే గోధుమరంగులోకి రావడానికి కారణం ఇదే. గాలిలో లేచిన రేణువు ఎంత వేగంగా కిందికి దిగుతుందో దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. రేణువు సగం సైజైతే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి బరువైన రేణువులు చక్రాల ఎత్తులోనే ఆగిపోతాయి, సన్నటివి ఇంకా పైకి పోతాయి. పక్కగోడమీద గోధుమరంగు కింద దట్టంగా మొదలై, పైకి పోయేకొద్దీ పలచబడి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా పోవడం అందుకే. ఎయిర్‌బ్రష్‌ను బల్ల ఎత్తులో పెట్టి కిందినుంచి పైకి చిమ్మితే అదే వరస వస్తుంది, ఎందుకంటే అక్కడ కూడా పని చేసేది చిమ్మే దూరమే. మీదినుంచి చిమ్మితే అబద్ధం వస్తుంది.

పైకప్పు మీద కథ వేరు. అక్కడిది పొగగొట్టంలోంచి వచ్చిన మసి, అంటే సగం కాలిన ఇంధనపు కర్బనం. ఆవిరి ఇంజను ఎక్కువగా ఒకే దిక్కుకు ముఖం పెట్టి నడుస్తుంది. క్లాస్ 37కి రెండు కొసలా డ్రైవరు గది ఉంది, అది ఎటైనా సమానంగా పోతుంది. అందుకని మసి పొగరంధ్రం చుట్టూ చిక్కగా ఉండి రెండు దిక్కులకూ పారుతుంది. ఒకే పక్కకు పారిన మసిని చూస్తే ఆ నమూనా చేసినవాడి మనసులో ఇంకా ఆవిరి ఇంజనే తిరుగుతోందని చెప్పొచ్చు. క్లాస్ 55 డెల్టిక్‌ది ఇంకో ముచ్చట. 1961–62లో వచ్చిన ఆ 22 ఇంజన్లలో ఒక్కోదానికి రెండేసి నేపియర్ టూ-స్ట్రోక్ యంత్రాలుండేవి. స్టేషన్లో ఊరికే తిరుగుతున్నంతసేపూ లూబ్రికేటింగ్ నూనె ఎగ్జాస్ట్ డ్రమ్ములో చేరి, త్రోటిల్ తెరవగానే కాలి మబ్బులా పైకి లేచేది. అలాంటి పైకప్పు మీద మసి పొడిగా ఉండదు, జిడ్డుగా నల్లగా మెరుస్తుంది. నలుపు రెంటికీ ఒకటే. మెరుపులో ఉంది తేడా. క్లాస్ 37 పైకప్పు మీద మ్యాట్ నలుపు ఎంత సబబో, డెల్టిక్ పొగరంధ్రాల చుట్టూ అది అంత తప్పు.

వీటిమీద కడుగుడు ఒకటుంది. పెద్ద డిపోల్లో ఇంజను నిలువు బ్రష్షుల మధ్యగా నడిచిపోతుంది. బ్రష్షు చదును గోడను తుడుస్తుంది. జాలీల మూలలు, తలుపు గూళ్లు, చువ్వల వెనక భాగం దానికి అందవు, పైకప్పు అసలే అందదు. కాబట్టి రోజూ కడిగే ప్యాసింజరు ఇంజను మురికి చదునుల్లో ఉండదు, సందుల్లో ఉంటుంది. సరుకు రైళ్లకే పరిమితమై బ్రష్షు మొహం చూడని ఇంజనుకు ఒళ్లంతా ఒకటే పొర. డిపోలకు సొంత అలవాట్లు కూడా ఉండేవి. 1979లో ఫిన్స్‌బరీ పార్క్ డిపో తన డెల్టిక్‌ల కిటికీల చుట్టూ తెల్లరంగు వేసుకుంది. అలాంటి ముద్దుబిడ్డకు మోకాళ్లదాకా బురద పూస్తే నప్పదు. మోసే సరుకూ ఒంటికి అంటుకుంటుంది. 1970లలో పోర్ట్ టాల్బట్ నుంచి లాన్‌వెర్న్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం లాగేందుకు మూడేసి క్లాస్ 37లను ఒకదాని వెంట ఒకటి కట్టేవారు. వాటికి పట్టే దుమ్ము ఎరుపు. 1980ల చివర కార్న్‌వాల్‌లో చైనా క్లే, అంటే తెల్ల కేయొలిన్ మట్టి లాగినవాటికి పట్టేది తెలుపు. ఇంజను ఒకటే తరగతి, రంగు ఒకటే డబ్బాది, మురికి మాత్రం ఊరినీ ఉద్యోగాన్నీ చెప్పేస్తుంది.

సరే, ఇవన్నీ నిజమే అనుకున్నా, జానెడు పొడవు బొమ్మమీద ఎవరికి కనిపిస్తాయి అని ఇంకొకరు అడగొచ్చు. ఇది కొలిచి చెప్పదగిన ప్రశ్న. బ్రిటన్‌లో ఎక్కువ వాడుకలో ఉన్న ‘డబుల్ ఓ’ నమూనాల్లో అడుగుకు 4 మి.మీ., అంటే 1:76.2. నమూనాను 40 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అసలు ఇంజన్ని సుమారు 30 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు దాకా విడదీసి చూడగలదు. ఆ దూరంలో అది నమూనామీద దాదాపు 0.12 మి.మీ., అసలుమీద 9 మి.మీ. అంతకన్నా సన్నటివి విడిగా కనిపించవు, కలిసిపోయి ఒక ఛాయగా మాత్రమే అందుతాయి. ఈ ఒక్క అంకె రెండు పక్షాలకూ తీర్పు చెబుతుంది. అంగుళం మందం చేతిచువ్వ నమూనాలో మిల్లీమీటరులో మూడో వంతు. ఆ హద్దుకు ఇది మూడు రెట్లు, కాబట్టి తప్పకుండా కనిపిస్తుంది. దాన్ని విడి తీగతో చేయకుండా గోడతో కలిపి 0.7 మి.మీ. ఉబ్బెత్తు గీతగా పోత పోస్తే, అసలుమీద రెండంగుళాలు దాటిన గొట్టం తగిలించినట్టవుతుంది. పైగా చువ్వకూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు, గోడమీద పడాల్సిన నీడ రెండూ మాయమవుతాయి. ఇంకోవైపు, బోల్టు తలకాయ పక్కనుంచి కారిన, అసలుమీద 5 మి.మీ. వెడల్పుండే తుప్పు చారను వెంట్రుక కుంచెతో విడిగా గీసేవాడు కంటికి అందనిదాన్ని అందినట్టు చూపిస్తున్నాడు. పోటీల్లో బహుమతులొచ్చే నమూనాల్లో నాకు అతిగా తోచేది ఇదే. రంగు పొరదీ ఇదే లెక్క. నాలుగు పూతలు కలిపి పదోవంతు మిల్లీమీటరు మందమైతే, అసలుమీద ఏడున్నర మిల్లీమీటర్ల పెయింటు మెత్తినట్టు. తలుపు అంచులు, రివెట్లు అందులో మునిగిపోతాయి.

పరిమాణం తగ్గించినప్పుడు అన్నీ కలిసి తగ్గవు. నీళ్లు ముఖ్యంగా తగ్గవు. అసలు ఇంజను గోడమీద వాన చారికలు గీస్తూ జారుతుంది, ఎందుకంటే అక్కడ గురుత్వాకర్షణది పైచేయి. చిన్న కొలతల్లో తలతన్యతది పైచేయి. ఈ రెండూ సరితూగే పొడవు నీటికి 2.7 మి.మీ.; నమూనా లెక్కలో అది 20 సెంటీమీటర్లు. పలచన చేసిన రంగును గోడమీద వదిలితే అది చారికలా కారకుండా పెద్ద మడుగులా నిలబడుతుంది. అంచున ఆవిరి వేగంగా పోయేసరికి లోపలి రంగు అంచుకు కొట్టుకొచ్చి, ఆరాక చుట్టూ వలయం మిగులుతుంది. వైట్ స్పిరిట్ వాడితే కొంత మేలు, పూర్తిగా నయం కాదు. అందుకే పని తెలిసినవాళ్లు రంగును కారనివ్వరు. ఆయిల్ పెయింటు చుక్కను చిన్నగా పెట్టి, తడి ఆరీ ఆరని చదును కుంచెతో పైనుంచి కిందికి ఒకే దిక్కున లాగుతారు. నమూనామీద పనిచేయలేని గురుత్వాకర్షణ పని వాళ్ల మణికట్టు చేస్తుంది.

పొడులతోనూ ఇలాంటి తిరకాసు ఉంది, దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. కార్న్‌వాల్ ఇంజను కోసం నిజం కేయొలిన్ పొడినే తెచ్చి చల్లితే అచ్చం అలాగే కనిపిస్తుంది. చేతికి అంటకుండా పైన మ్యాట్ వార్నిష్ చిమ్మితే మరుక్షణం తెలుపు మాయం. పొడి ఎగిరిపోలేదు, అక్కడే ఉంది. కేయొలిన్ వక్రీభవన గుణకం 1.56 ప్రాంతంలో, గాలిది 1. ఆ తేడావల్ల ప్రతి రేణువు అంచునా వెలుతురు చెదిరి మనకు తెల్లగా కనిపిస్తుంది. వార్నిష్ గుణకం 1.5 దాపున, అది రేణువుల మధ్య గాలిని తోసేసి తాను చేరగానే ఆ తేడా దాదాపు చెరిగిపోతుంది, వెలుతురు నేరుగా లోపలికి పోతుంది. ఇనుప ఆక్సైడు గోధుమరంగుకు ఈ గండం లేదు. దాని గుణకం బాగా ఎక్కువ, పైగా అది వెలుతురును పీల్చుకుని రంగిస్తుంది గాని చెదరగొట్టి కాదు. కాబట్టి తెల్ల దుమ్ము కావలసినవాడు వార్నిష్ మానుకోవాలి, లేదా 2.7 గుణకమున్న టైటానియం డయాక్సైడ్ తెలుపును ఆశ్రయించాలి. అసలుదాన్ని తెచ్చి పెట్టినంత మాత్రాన నిజం రాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

రంగు గురించి ఒక పాత నమ్మకం ఉంది: దూరంనుంచి చూస్తే గాలి రంగును వెలిసినట్టు చేస్తుంది గనక నమూనాకు వేసే ప్రతి రంగులో కాస్త తెలుపు కలపాలని. ‘స్కేల్ కలర్’ అని దీనికి పేరు. కారణం చెప్పిన తీరు తప్పని లెక్క చూపిస్తుంది. పది కిలోమీటర్ల దాకా కనిపించే మామూలు రోజున 30 మీటర్ల గాలి కాంట్రాస్ట్‌ను ఒక శాతానికి కాస్త పైన మాత్రమే తగ్గిస్తుంది. అది కంటికి ఆనదు. పెయింట్ షాపులోంచి అప్పుడే బయటికొచ్చిన రైల్ బ్లూ ఇంజను 30 మీటర్ల దూరాన వెలిసినట్టేమీ కనిపించదు. అయినా సరైన రంగు వేసిన నమూనా ఇంట్లో ముదురుగా, బొమ్మలా కనిపించడం నిజమే. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట పదివేల లక్స్ వెలుతురు ఉంటే, గదిలో దీపాల కింద కొన్ని వందలు మాత్రమే. వెలుతురు తగ్గితే అదే రంగు కంటికి తక్కువ వన్నెతో అందుతుందని ఆర్.డబ్ల్యు.జి. హంట్ 1952లో చూపించాడు. మిగతాది దుమ్ము, ఎండ చేసిన పని. అతినీలలోహిత కిరణాలకు రంగులోని జిగురు పైపొర చెడి, రేణువులు పొడిగా బయటపడి, వెలుతురును చెదరగొడతాయి. నీలం సున్నం కలిపినట్టవుతుంది. కాబట్టి తెలుపు కలపడానికి దూరం కారణం కారాదు, వయసు కారణం కావాలి. ఏడేళ్లు రంగు ముఖం చూడని ఇంజనుకు కలపండి, గత వారం రంగు వేసినదానికి వద్దు. వెలుతురు లోటును దీపాలతో తీర్చాలి, డబ్బాలో తెలుపు పోసి కాదు.

సాక్ష్యం సాక్ష్యం అంటున్నావు, ఆ సాక్ష్యమంతా ఫొటోలే కదా, ఫొటోలు మాత్రం నిజం చెబుతాయా అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. చెప్పవు. పాత కలర్ ఫిల్ముల్లో ఒక్కో రకం నీలాన్ని ఒక్కోలా పడుతుంది, రంగులు ఏళ్లు గడిచేకొద్దీ మారతాయి, స్కాన్ చేసినవాడి చెయ్యి మరికొంత మారుస్తుంది. ఫొటో తీసేవాళ్లు ఎండ పడే వైపునే నిలబడతారు, ఎండాకాలంలోనే ఎక్కువ వస్తారు, మెరిసే ఇంజను కనబడితే ముందు దాన్నే తీస్తారు. ప్లాట్‌ఫారం మీదినుంచి పైకప్పు కనపడదు. వంతెన మీదినుంచి తీసినవి అరుదు. ఇన్ని లోపాలున్న సాక్షిని విడిచిపెట్టనక్కర్లేదు, అడ్డుప్రశ్నలు వేయాలి. ఫొటోలో తెల్లగా ఉండాల్సిన వస్తువు, నంబరు అక్షరాలో డిపో బోర్డో, ఏ ఛాయలో పడిందో చూస్తే మిగతా రంగుల్ని ఎటు సరిదిద్దాలో తెలుస్తుంది. ఫొటో కింద రాసిన తేదీని హెడ్‌కోడ్‌తోనూ గొట్టాలతోనూ సరిచూడాలి. 1977 అని రాసి ఉండి పెట్టెలో పూర్తి రైలు గుర్తు కనిపిస్తే ముందు తేదీనే అనుమానించాలి. పైకప్పుకు ఫొటో దొరకకపోతే, అదే డిపోలో అదే ఏడాది అదే పని చేసిన ఇంకో ఇంజను పైకప్పును అరువు తెచ్చుకోవచ్చు, అది అరువని గుర్తుంచుకున్నంత కాలం. చరిత్రకారులూ ఇంతకు మించి చేసేదేమీ లేదు.

అసలు పట్టాల వెడల్పే తప్పు కదా, ఇక చువ్వలెందుకు అనేవాళ్లూ ఉన్నారు. మాట నిజమే. 1435 మి.మీ. గేజీ ఈ స్కేలులో 18.83 మి.మీ. ఉండాలి, డబుల్ ఓ పట్టా 16.5 మి.మీ. మాత్రమే, అంటే అసలుమీద ఏడంగుళాలు తక్కువ. చిన్న బ్రిటిష్ ఇంజన్ల ఒంట్లో ఆనాటి మోటార్లు పట్టక, పట్టాలను అలాగే ఉంచి పైభాగాన్ని పెంచిన పాత రాజీ అది. కొందరు 18.83 పట్టాలకే మారిపోయారు. మారనివాళ్లది మాత్రం అందరికీ తెలిసిన, ఎంతో లెక్కతేలిన, అన్ని నమూనాల్లో ఒకేలా ఉండే దోషం. దాన్ని కంటికి తీసేసి చూడొచ్చు. 37119కి తప్పు ముక్కు పెట్టడం అలాంటిది కాదు, దాన్ని తీసేసి చూడ్డానికి చూసేవాడికి ఆధారమేమీ ఉండదు.

అంతా పూశాక ఒకచోట మాత్రం మురికి తుడిచేయాలి. చక్రం పట్టాను ఒరుసుకునే అంచుమీద పొడి, వార్నిష్ నిలవకూడదు, ఎందుకంటే నమూనా మోటారుకు కరెంటు ఆ దారినే వస్తుంది. సన్నటి పొర అడ్డుపడ్డా ఇంజను ఆగి ఆగి కుదుపుతుంది. అసలు ఇంజనులోనూ ఒళ్లంతా గోధుమరంగులో మునిగినా చక్రపు అంచు ఉక్కుగానే మెరుస్తూ ఉంటుంది, వంద టన్నులు దాటిన బరువు దాన్ని ప్రతి చుట్టుకూ మెరుగు పెడుతుంది గనక. పక్కనే ఉన్న చక్రపు ముఖం మాత్రం జిడ్డు కలిసిన బ్రేకు పొడితో ముదురు గోధుమరంగులో ఉండాలి. పనిలో చాలామంది తొందరపడి వదిలేసేది ఈ ముఖాన్నే. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ కుంచెను కదపకుండా పట్టుకుంటే, పావుగంటలో ఆరు జతలూ పూర్తవుతాయి.